పట్టిక-1, పందొమ్మిదో ప్రశ్న

ఫిబ్రవరి 3

పెద్దఫైలు మామయ్యకు,

నమస్కారం. ఫోన్ చేస్తే "ఏదైనా ఉంటే రాతపూర్వకంగా పంపు" అని పెట్టేస్తారు కాబట్టి రాతపూర్వకంగానే మొరపెట్టుకుంటున్నాను.

మా వీధి వెడల్పు చేస్తున్నారు. అమ్మ కొట్టు, అంటే అమ్మ పోయాక నా కొట్టు, తొంభై రోజుల్లో ఖాళీ చేయాలని గోడకి కాగితం అంటించి వెళ్ళారు. కాగితం అచ్చం మీ భాషలో ఉంది. "తొలగింపునకు ఉద్దేశింపబడిన కట్టడము" అట. మూడుసార్లు చదివితేగానీ కూలగొట్టేది నన్నేనని అర్థం కాలేదు.

కొట్టు పోతే పోనివ్వండి, ఇంకో గది వెతుక్కుంటాను. నా బెంగంతా అరల మీదున్న చెక్కపాదాల గురించి. రెండువందల పన్నెండు ఉన్నాయి. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, మడమ వంకరగా ఉన్నవాళ్ళు, వేళ్ళు లేనివాళ్ళు, అందరి కాళ్ళూ బూట్లు కుట్టే అచ్చులుగా అమ్మ చెక్కలో చెక్కి పెట్టింది. మనుషుల పేర్లు ఏనాడూ రాసుకోలేదు. పాదం అడుగున నంబరు, అంతే. వాళ్ళు రెండేళ్ళకో మూడేళ్ళకో జోడు అరిగాక వస్తారు, నంబరు చెబుతారు, కూర్చుంటారు. వాళ్ళ ఇళ్ళెక్కడో నాకు తెలియదు. ఈ తలుపెక్కడో వాళ్ళకి తెలుసు. ఇప్పుడా తలుపే ఉండదు.

మొదటి నంబరు మీదే. తమ్ముడి ఎడమకాలు అంగుళం పొట్టి అని బడిలో ఏడిపిస్తున్నారని అమ్మ పన్నెండో ఏట ఈ పని నేర్చుకుందని నాకు వందసార్లు చెప్పింది. కాబట్టి ఈ కొట్టు పుట్టడంలో మీ బాధ్యత కొంత ఉంది. ఇప్పుడు తప్పించుకోలేరు.

వెబ్‌సైట్ పెట్టుకోమని వీధి మొదట్లో మందుల షాపాయన సలహా చెప్పాడు. "కోడింగ్ గీడింగ్ ఏం రానక్కర్లేదమ్మా, దానికి సాఫ్ట్‌వేర్లున్నాయి, బొమ్మలు పెట్టుకుంటూ పోవడమే" అన్నాడు. వెతికితే నలభై కనిపించాయి. నలభైకి నలభై "చాలా సులభం" అంటున్నాయి. ఇంతమంది ఒక్కసారిగా సులభం అంటుంటే నాకు భయమేస్తోంది. మీరు ముప్పై ఒక్క ఏళ్ళు డిపార్ట్‌మెంటుకి బీరువాల దగ్గర్నుంచి గుండుసూదుల దాకా ఎంపిక చేసినవారు. ఇదీ మీరే ఎంపిక చేసి, మీరే తయారు చేయించి పెట్టండి. నాకు కావలసినవి రెండే. కొట్టు మారిందని చెప్పే ఒక పేజీ. వాళ్ళు నాకు రాయడానికి ఒక చోటు.

మీ మేనకోడలు,
సూది


ఫిబ్రవరి 11

చిరంజీవి సూదికి ఆశీస్సులు.

విషయం: కోడింగ్ తెలియనివారి కొరకు వెబ్‌సైట్ రూపకల్పన సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి.
సూచిక: నీ లేఖ, తేది ఫిబ్రవరి 3.

పై సూచికలోని లేఖను క్షుణ్ణంగా పరిశీలించడమైనది. అందు రెండు అక్షరదోషములు, పెద్దలపై ఒక వెటకారము కనబడినవి. నీకు సూది అను పేరు మీ అమ్మ ఊరకే పెట్టలేదని మరొకసారి రుజువైనందున వాటిని మన్నించడమైనది.

ఈ ఎంపికకు నేను అంగీకరించుచున్నాను. "కోడింగ్ తెలియనివారు" అను అర్హత విషయంలో నాకంటే తగిన పరీక్షకుడు దొరకడని సవినయంగా మనవి. నాకు కోడింగే కాదు, కంప్యూటరు మూత ఎటునుండి తెరవవలెనో కూడా పదవీ విరమణ రోజున సహోద్యోగులు దానిని బహూకరించినప్పుడే తెలిసినది.

ఎంపికకు కనీసం మూడు సాఫ్ట్‌వేర్లను పరిశీలించవలెను. ఒక్కొక్కటి పద్నాలుగు రోజుల ఉచిత ప్రయోగకాలమును ఇచ్చుచున్నది. వాటిని ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షించెదను. మూడింటిని ఒకేసారి ముందు పెట్టుకొన్నచో మనసు అందమైనదానివైపు మొగ్గును. కుర్చీలు కొన్న ఏడాది మేము అట్లే చేసి, చూడముచ్చటైన కుర్చీలను తెప్పించితిమి. ఆ ఏడాది ముగియకముందే ముగ్గురు సూపరింటెండెంట్ల నడుములు పట్టేసినవి. అందొకటి నాది.

ఇందువెంట పట్టిక-1 పంపడమైనది. ఇరవై ఆరు ప్రశ్నలు గలవు. అన్నింటికీ జవాబులు పూరించి పంపవలెను. పూరించని గడులను నా విచక్షణ మేరకు పరిష్కరించుకొనగలను.

మీ అమ్మ విషయమై ఒక వాక్యం వ్రాయవలెనని కూర్చుంటిని. సంవత్సరం కావచ్చినది గనుక. మూడు కాగితములు పాడైనవి. నాల్గవ కాగితంపై ఈ లేఖ వ్రాయుచున్నాను. ఆ వాక్యం ఇందులో కూడా లేదు.

ఇట్లు,
మీ మామయ్య,
సూపరింటెండెంటు (విశ్రాంత)

వెంట: పట్టిక-1, పదకొండు పుటలు.


ఫిబ్రవరి 19

మామయ్యా,

ఉత్తరం ఒక పేజీ, దాని వెంట పట్టిక పదకొండు పేజీలు. తోక చూసి జంతువు ఏదో కనుక్కోమన్నట్టుంది. మొదటి ప్రశ్న చదివాను. "సదరు వెబ్‌సైట్ యొక్క ఉద్దేశమును నూటయాభై పదములకు మించకుండా..." అక్కడ ఆగిపోయాను. నా ఉద్దేశంలో మొత్తం మూడు పదాలున్నాయి. నేను ఇక్కడ ఉన్నాను.

అయినా మీ శ్రమ వృథా పోలేదు. అమ్మ పద్ధతి మీకు గుర్తుందిగా, ఒక జోడు చేతికిచ్చిన నాడే ఆ మనిషికి తర్వాతి జోడు మొదలుపెట్టేది. "అరిగాక కుట్టేది చెప్పులవాడు, అరగకముందే కుట్టేది మనం" అనేది. అలా కుట్టినవి ఇరవై మూడు జోళ్ళు అరలో ఎదురుచూస్తున్నాయి. చెమ్మకి వాటి ముక్కులు వాలిపోతుంటే లోపల కాగితాలు కుక్కుతున్నాను. మీ కాగితం దిట్టమైన రకం. కాబట్టి మీ పట్టిక బూట్లలో భద్రంగా ఉంది. ఒక్క పేజీ కూడా పారేయలేదు.

మీరడగకపోయినా రెండు సంగతులు. పేజీలో కొత్త చిరునామా వేయకండి. ఇంకా గది దొరకలేదు, దొరికినా ఏ సందులోనో మేడ మీదో ఉంటుంది. కాళ్ళు బాగాలేనివాళ్ళని వెతుక్కుంటూ తిప్పకూడదు. రాసిన ప్రతివాళ్ళకీ నేనే జవాబిస్తాను, మెట్లెక్కలేనివాళ్ళ దగ్గరికి నేనే వెళ్తాను. ఫోన్ నంబరు కూడా వద్దు. బీమా తీసుకుంటారా, స్థలం కొంటారా అని రోజంతా మోగుతుంది, కుట్టుమిషను చప్పుడులో అసలువాళ్ళు మోగేది వినబడదు.

ముఖ్యంగా నూట పద్దెనిమిది కోసం ఎదురుచూస్తున్నాను. బస్సు కండక్టరు. కుడికాలు ఒకటిన్నర అంగుళం పొట్టి. పొద్దున్నుంచీ నిలబడే ఉద్యోగం. ఆవిడ జోడు సరిగ్గా రెండేళ్ళు వస్తుంది, రోజు ఎక్కువా కాదు తక్కువా కాదు. మే నెలలో రావాలి. కొత్త జోడు అమ్మ మొదలుపెట్టింది, నేను పూర్తిచేశాను. ఆవిడ కాలికి తొడిగి చూస్తేగానీ నేను పని నేర్చుకున్నానో లేదో నాకు తెలియదు.

అమ్మ చివర్లో చెప్పింది నా గురించి కాదు మామయ్యా. "వాళ్ళు తలుపు గుర్తుపెట్టుకుని వస్తారే, తలుపు తీసి ఉంచు" అంది.

సూది


మార్చి 30

చిరంజీవి సూదికి ఆశీస్సులు.

విషయం: మూడు సాఫ్ట్‌వేర్ల పరీక్ష, నివేదిక గురించి.

ముందుగా ఒక అభినందన. నేను పంపిన పట్టికను బూట్లలో భద్రపరచితివని తెలిసి సంతోషించితిని. ఏ జోడునకు సంబంధించిన కాగితమును ఆ జోడులోనే ఉంచుట మా కార్యాలయంలో కూడా ఎవరికీ తట్టని ఉత్తమ పద్ధతి. పట్టికను పూరించి తిరిగి పంపలేదు గనుక, గడులన్నిటినీ నా విచక్షణకు వదిలితివని భావించడమైనది.

ఇక నివేదిక. సాఫ్ట్‌వేర్ల పేర్లు వ్రాసినచో పక్షపాతమునకు తావుండును. అందుచేత వరుస సంఖ్యలే వాడెదను.

మొదటిది ప్రతి వస్తువును పట్టి లాగి వదలమనును. శీర్షికను లాగి వదిలితిని. అది బొమ్మ మీద పడినది. బొమ్మను లాగితిని. అది శీర్షికతో సహా పేజీ అడుగునకు జారినది. నాలుగు రోజులు ఈ విధంగా గడవగా, ఇంటి యజమానురాలు కిటికీలోనుండి చూచి "ఏం లాగుతున్నారండీ పొద్దస్తమానం?" అని అడిగినది. "బూటు" అని జవాబిచ్చితిని. ఆమె అప్పటినుండి నాతో మృదువుగా మాట్లాడుచున్నది. తుదకు కంప్యూటరులో చక్కగా కుదిరిన పేజీ ఫోనులో తెరవగా సగం బూటు తెగిపోయి కనబడినది. సగం బూట్లవారి కొట్టునకు అది మంచి ప్రచారం కాదు.

రెండవది లాగమనదు. అయిదు ప్రశ్నలడిగి పేజీని తానే అల్లును. "మీ వ్యాపారమేమి?" అనగా "ఒక కాలు పొట్టిగా ఉన్నవారికి బూట్లు" అని వ్రాసితిని. రెప్పపాటులో పరుగుపందెం గెలుచుచున్న యువకుని బొమ్మ, దానిపై "మీ వేగాన్ని కనుగొనండి" అను నినాదం ప్రత్యక్షమైనవి. నేను కంప్యూటరు మూసి కొంతసేపు వరండాలో కూర్చుంటిని. అయితే బొమ్మను, మాటలను మార్చుకొనవచ్చును. సందేశములు వ్రాయు గడి తేటగా, పెద్ద అక్షరములతో ఉన్నది. ఫోనులో ఏదీ తెగలేదు.

మూడవది అన్నింటా ఘనమైనది. కాని మన లిపిలో ఏది వ్రాసినను వత్తులు ఊడి పక్కకు పడుచున్నవి. మన కొట్టులో మనుషులు కుంటుచున్నది చాలును, అక్షరములు కూడా కుంటనక్కరలేదు. పైగా ఒకసారి అందు పెట్టిన పేజీని రేపు వేరొకచోటికి తీసుకొనిపోవుటకు వీలులేదు. ఖాళీ చేయుట తప్పదని తెలిసినవారు వెళ్ళుటకు దారిలేని ఇంట దిగరాదు.

తుది నిర్ణయం పునఃపరిశీలన పిమ్మట తెలియజేయబడును.

మీ మామయ్య,
సూపరింటెండెంటు (విశ్రాంత)

వెంట: పట్టికలు 2 నుండి 6, ముప్పై నాలుగు పుటలు.


ఏప్రిల్ 6

మామయ్యా,

పునఃపరిశీలనా?

ఇరవై ఎనిమిది రోజులున్నాయి. నిన్న కొలతలవాళ్ళు వచ్చి మా గోడ మీద ఎర్రరంగుతో గీత గీశారు. గీత సరిగ్గా అమ్మ కూర్చునే పీట మీదుగా పోయింది. "కొంచెం పక్కకి గీయండయ్యా" అన్నాను. "గీత మాది కాదమ్మా, పైనుంచి వచ్చింది" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. మీ శాఖవాడే అయ్యుంటాడు.

రెండోదాన్ని తీసుకోండి. మీరు రాసిందాన్ని బట్టే తెలుస్తోంది, రాసేవాళ్ళకి గడి తేటగా ఉంది, ఫోనులో తెగదు, మన అక్షరం నిలబడుతుంది. ఇంకేం కావాలి? అందమైనవాటి మీదికి మనసు పోకూడదని నలభై రెండు రోజులు కూర్చున్నారు. ఈలోగా ఇద్దరు ముగ్గురైనా వచ్చి కొత్త అడ్రసు అడిగితే "ఇంకా లేదు" అని పంపించేశాను. వాళ్ళ అడ్రసులు అడిగి రాసుకోవాలని తట్టలేదు. అమ్మ ఏనాడూ అడగలేదు కదా, అడిగితే ఏమనుకుంటారో అనిపించింది. ఈ తెలివితక్కువతనం మన వంశంలోదే.

కోపంగా రాశానని తెలుసు. మీరు తప్ప కోపం చూపించడానికి నాకూ ఎవరూ లేరు.

సూది


ఏప్రిల్ 15

చిరంజీవి సూదికి ఆశీస్సులు.

విషయం: రెండవ సాఫ్ట్‌వేర్ ఎంపిక, పేజీ ప్రారంభం గురించి.

నీ లేఖలోని పదజాలమును విస్మరించి, సారాంశమును మాత్రమే స్వీకరించి, రెండవదానిని ఎంపిక చేయడమైనది. పేజీ నిన్నటినుండి అందరికీ కనబడుచున్నది. చిరునామా చీటీ వేరుగా జతచేసితిని, గోడపై వ్రాయించగలవు.

పరుగువానిని తొలగించితిని. అతని స్థానంలో నా దగ్గరున్న మీ అమ్మ ఫొటో పెట్టితిని. ముఖం కనబడదు, ఒడిలో బూటు పట్టుకొన్న చేతులు మాత్రమే కనబడును. ఫొటోలో తన ముఖం ఉండుట అక్కకు ఎన్నడూ ఇష్టం లేదు. నినాదం కొట్టివేసి ఈ క్రింది ప్రకటన వ్రాసితిని:

"కొట్టు మారుతోంది. మీ నంబరు మా దగ్గర భద్రంగా ఉంది. మీరెక్కడున్నారో ఇక్కడ రాయండి, మేమే వస్తాం."

నా వృత్తిజీవితంలో వ్రాసిన ప్రకటనలన్నింటిలో ఇదే చిన్నది. వ్రాయుటకు మూడు రోజులు పట్టినది.

సందేశముల నిర్వహణకు చేసిన ఏర్పాటు పట్టిక-7లో వివరించడమైనది. గమనించగలవు.

మీ మామయ్య,
సూపరింటెండెంటు (విశ్రాంత)

వెంట: పట్టిక-7, ఆరు పుటలు.


మే 20

మామయ్యా,

కొట్టు లేదు. మూడో తారీఖున సామాను తీసేశాను, అయిదున గోడ తీసేశారు. యంత్రం ఒక్కసారి తల ఊపింది, అంతే. కొత్త గది అద్దకం రంగులాయన మేడ మీద. కింద రాగి బాయిలరు కాగుతూ ఉంటుంది, వేడి నీళ్ళ ఆవిరికి నా కిటికీ పొద్దుటికి నీలంగానో ఎర్రగానో మారుతుంది. పన్నెండు మెట్లు. నా వాళ్ళలో సగంమంది ఎక్కలేరు.

పేజీ బాగుంది. ఆ మూడు వాక్యాలు మీరు రాశారంటే నేనే నమ్మలేదు. అమ్మ చేతులు చూసి కాసేపు ఏ పనీ చేయలేదు. పేజీ చిరునామా మందుల షాపు గోడ మీద మూరెడు అక్షరాలతో రాయించాను. ఆ గోడ గీతకి ఇవతల ఉంది.

నెల దాటింది. ఒక్కరూ లేరు. రోజుకి ఇరవైసార్లు ఫోను తెరిచి చూస్తున్నాను. మే నెల అయిపోవస్తోంది, నూట పద్దెనిమిది కూడా లేదు. మనవాళ్ళు ఇలాంటివి చూసే మనుషులు కారేమో. లేక అమ్మ పోయిందని తెలిసి, కూతురు కుట్టినవి ఎందుకులే అనుకున్నారేమో.

మీ పట్టికలన్నీ యథాస్థానంలో ఉన్నాయి.

సూది


జూన్ 2

చిరంజీవి సూదికి ఆశీస్సులు.

ఒక్కరూ లేరని వ్రాసితివి. మేడ మెట్లెక్కి ఎవరైనా వచ్చుచున్నారా లేదా అన్నది నాకు తెలియదు. దస్త్రం సంగతి మాత్రమే తెలియును. ఇందువెంట పట్టిక-8 పంపడమైనది. ఇకపై పక్షమునకు ఒకటి చొప్పున పంపబడును. క్రమముగా చూచుకొనవలెను. తొందరపడి నిరాశ చెందరాదు. వరుసక్రమం పాటించిన ఏ వ్యవహారమూ చెడిపోగా నేను చూడలేదు.

మే నెలంతా వానలేనందున నా నడక బాగుగానే సాగినది. జూన్‌లో చూడవలెను.

మీ మామయ్య,
సూపరింటెండెంటు (విశ్రాంత)

వెంట: పట్టిక-8, నాలుగు పుటలు.


ఆగస్టు 9

మామయ్యా,

చాలించుకున్నాను.

పదిహేను రోజులకోసారి తప్పకుండా పట్టిక పంపుతున్నారు. పేజీని ఎంతమంది చూశారు, ఎన్ని నిమిషాలు చూశారు అని ఆ సాఫ్ట్‌వేర్లు లెక్కలు పంపుతాయని మందుల షాపాయన చెప్పాడు. చూసి వెళ్ళిపోయినవాళ్ళ లెక్క చదివే ధైర్యం నాకు లేదు. అన్నీ బూట్లలో పెట్టేశాను. ముక్కులు నిటారుగా నిలబడ్డాయి, చూడటానికి కొత్త పెళ్ళివారి జోళ్ళలా ఉన్నాయి.

పోయిన వారం ముసురు పట్టింది. రంగులాయనకి కట్టెలన్నీ తడిశాయి, బాయిలరు ఆగిపోయింది. పైకొచ్చి, "ఆ మూల గోతాల్లో ఉన్నదంతా ఎండుకర్రేనా అమ్మాయ్?" అనడిగాడు. మంచివాడు. నేను వద్దంటే మళ్ళీ అడిగేవాడు కాదు. నేను వద్దనలేదు.

రెండు రోజులు మండాయి. ఏళ్ళ తరబడి ఆరిన కర్ర, పొగే రాలేదని మెచ్చుకున్నాడు. నంబర్లు కాలేటప్పుడు చూడకూడదనుకుని వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఒకటో నంబరు మాత్రం మిగిలింది. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను, అందుకని గోతంలో లేదు.

వచ్చే ఒకటో తారీఖు నుంచి ఫ్యాక్టరీలో చేరుతున్నాను. అక్కడ యంత్రం గంటకి అరవై జోళ్ళు కుడుతుంది. అన్నీ రెండు కాళ్ళూ సమానంగా ఉన్నవాళ్ళకే.

మీ ఎంపికలో తప్పు లేదు. మంచి సాఫ్ట్‌వేరే. మనుషులే లేరు.

సూది


ఆగస్టు 14

సూదీ,

మనుషులున్నారమ్మా.

మే మొదటి వారం నుంచి రాస్తూనే ఉన్నారు. ముప్పై ఎనిమిది అర్జీలు. అన్నీ నా కంప్యూటరుకి వస్తున్నాయి. ఒక్కటి వదలకుండా నంబరు వేసి, వచ్చిన తేదీ వేసి, ఉన్నదున్నట్టు నకలు తీసి నీకు పంపాను. అవే ఆ పట్టికలు. బూట్లలో పెట్టానంటే, చదివి, ఎవరిది వాళ్ళ జోడులో పెడుతున్నావనుకున్నాను. నీ నుంచి నిర్ణయం వచ్చేదాకా అందరికీ "మీ అర్జీ అందినది, పరిశీలనలో ఉన్నది" అని రాస్తూ వచ్చాను.

పట్టికలు బయటికి తియ్యి. ఎనిమిది ముందు తియ్యి.

నేనే వద్దామని బస్టాండు దాకా బయల్దేరాను. సందు చివర దాకా వెళ్ళగలిగాను. వెనక్కి వచ్చేశాను.

మామయ్య


ఆగస్టు 27

మామయ్యా,

తీశాను. ఇరవై మూడు జోళ్ళలోంచి లాగి, మడతలు చేత్తో సాపు చేసి, నేల మీద వరసగా పరిచి చదివాను. ముందు తప్పంతా మీదేనని రాద్దామనే కూర్చున్నాను. పట్టిక-1 కూడా తీశాను, సాక్ష్యానికి. అందులో పందొమ్మిదో ప్రశ్న ఇలా ఉంది: "సందర్శకులు వ్రాయు సందేశములు ఎవరి చిరునామాకు చేరవలెను? జవాబు లేనిచో ఖాతా తెరిచినవారి చిరునామాకు చేరునట్లు భావించబడును." పక్కన గడి ఖాళీగా ఉంది. నా గడి. ఫిబ్రవరి నుంచీ అలాగే ఉంది.

కాబట్టి ఆ ఉత్తరం రాయలేదు. ఇది రాస్తున్నాను.

నూట పద్దెనిమిది మూడుసార్లు రాసింది.

మే 9న: "నంబరు 118. కొట్టు దగ్గరికి వెళ్తే గోడ లేదు. నా కొత్త జోడు సిద్ధంగా ఉంటుందని అమ్మగారన్నారు. మా ఇల్లు బస్సు డిపో వెనక మూడో వరస, పచ్చ తలుపు. లేకపోతే ఎక్కడికి రావాలో చెప్పండి." పక్కన మీ రాత: అందినట్లు తెలియజేయడమైనది.

జూన్ 12న: "118. కుడి బూటు అడుగు చీలింది. లోపల అట్ట పెట్టుకుని నిలబడుతున్నాను. పరిశీలనలో ఉందని మీ జవాబు వచ్చింది, సంతోషం. ఎన్నాళ్ళు పడుతుందో చెబితే దాన్నిబట్టి సెలవు పెట్టుకుంటాను." పక్కన: వరుసక్రమంలో పరిశీలించబడును.

జూలై 21న: "118. బస్సు మలుపులో పడ్డాను. నిలబడే పని ఇక వద్దన్నారు. లోపల కూర్చుని టికెట్ల కట్టలు సర్దే పని ఇచ్చారు. కాబట్టి జోడు అక్కర్లేదు. మీ పనిలో మీరుంటారు, మూడుసార్లు విసిగించాను, ఏమీ అనుకోకండి." పక్కన ఎర్రసిరాతో: విజ్ఞప్తి ఉపసంహరించుకొనబడినది. ఫైలు మూసివేయడమైనది.

ఈ మూడో కాగితం నేను కుక్కింది ఆవిడ కొత్త జోడులోనే, కుడి బూటులో. మీరు మెచ్చుకున్న పద్ధతి ఆ ఒక్క కాగితం విషయంలో నిజమైంది.

జోడు తీసుకుని మొన్న వెళ్ళాను. పచ్చ తలుపు. కర్ర పట్టుకుని ఆవిడే తీసింది. "మీరు అమ్మగారి అమ్మాయి కదూ, అదే నుదురు" అంది. క్షమించమని అడగబోతే, "ఆఫీసన్నాక ఆలస్యం ఉంటుంది, జవాబు మాత్రం ప్రతిసారీ ఇచ్చారు" అంది. మామయ్యా, మన రెండు చేతుల కొట్టుని ఆవిడ ఆఫీసు అనుకుంది.

జోడు తొడిగాను. గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. నిలబడగానే కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది, బస్సులో కడ్డీ ఉండే ఎత్తుకి. అక్కడ కడ్డీ లేదు. చేతిని అలాగే కాసేపు ఉంచి, మెల్లగా దించి, కూర్చుంది. "సరిగ్గా సరిపోయాయి" అంది. "ఇంట్లో వేసుకుంటాన్లే."

ఫ్యాక్టరీలో చేరుతున్నాను. మాటిచ్చాను. సెలవు రోజున ఒక్కొక్క అడ్రసుకీ వెళ్ళి జోడుంటే ఇచ్చి, లేకపోతే కాళ్ళు మళ్ళీ కొలుస్తాను. చెక్కపాదాలు మొదట్నుంచి చెక్కాలి. అమ్మకి జీవితమంతా పట్టింది. అర్జీ పెట్టని వాళ్ళ సంగతి నాకిక ఎప్పటికీ తెలియదు.

ఒక్క ప్రశ్న. పట్టిక-8లో వరుస సంఖ్య 1: "నంబరు 1. గడి పనిచేయుచున్నదీ లేనిదీ తెలుసుకొను నిమిత్తం ప్రయోగార్థం వ్రాయడమైనది. ఎడమ బూటు మడమ పూర్తిగా అరిగినది. తొందర లేదు." ఇది ప్రయోగమా, నిజమా? సందు చివర నుంచి ఎందుకు వెనక్కి వచ్చారు?

నూట పద్దెనిమిది పక్కన మీరు రాసింది కొట్టేయండి. ఎర్రసిరాతో కాదు.

సూది


సెప్టెంబరు 8

సూదికి,

విషయం అని రాయబోయి ఆగిపోయాను.

సందేశాలు ఇక నీ ఫోనుకే వస్తాయి. మార్చాను. ఒక్క మీట నొక్కితే మారింది. పట్టిక-7లో దీని గురించి రెండు పేజీలు రాశాను.

నువ్వు చెప్పినట్టు కొట్టేశాను, పెన్సిలుతో. కింద ఇంకేదైనా రాయాలని చాలాసేపు చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను నేర్చుకున్న మాటల్లో అక్కడ రాయదగింది ఒక్కటీ దొరకలేదు. ఖాళీగా వదిలేశాను.

నీ ప్రశ్నకి జవాబు. గడి పనిచేస్తోందో లేదో చూడటానికే రాశాను. మడమ అరిగిందన్నది కూడా నిజమే. తొందర లేదన్నదే అబద్ధం.

అయినా నన్ను ఆఖర్న పెట్టు. అర్జీల్లో నాదొకటి, ఆవిడవి మూడు తీసేస్తే ముప్పై నలుగురు మిగులుతారు. వాళ్ళందరి తర్వాత. వరుసక్రమం కోసం చెప్పడం లేదు. అక్క ఉంటే ఎవరి మాటా వినకుండా ముందు నాదే కుట్టేది.

అక్క లేదు.

మామయ్య

వెంట: ఏమీ లేదు.